నాన్న మాట్లాడాల్సిన పరీక్ష

జూన్ 21

అమ్మడూ,

చేరాను. గది దొరికింది. ఒక లాండ్రీ పైన. కింద ఉతికే యంత్రాలు తిరుగుతుంటే నేల కొంచెం అదురుతుంది. ఆ వేడికి బట్టలు గదిలోనే ఆరిపోతాయి. కిటికీ తీస్తే సబ్బు వాసన. ఇబ్బంది ఏమీ లేదు.

మొదటిరోజు క్లాసులో అడుగుపెట్టగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. నన్ను మేష్టారనుకున్నారు. నేను వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. అయినా వాళ్లు కూర్చోలేదు. అలా కాసేపు వాళ్లు నిలబడి, నేను కూర్చుని ఉండిపోయాం. ఇంతలో అసలు మేష్టారు వచ్చి, "అందరూ నిలబడితే తమరొక్కరే కూర్చున్నారేం?" అని నన్ను కోప్పడ్డారు.

మా విభాగం పేరు ఉత్తర తీర దేశాల అధ్యయనం. మూడేళ్ల చదువు. ఒకే సముద్రం చుట్టూ ఉన్న ఏడు దేశాల చరిత్ర, అక్కడి మనుషుల బతుకుతీరు, భాషలు. ఏడింట్లోనూ చెల్లే పెద్ద భాష ఒకటి అందరికీ తప్పనిసరి. నాకొచ్చినది అదే. డిసెంబరులో ఆ భాషలో మాట పరీక్ష పెడతారు. పావుగంట మాట్లాడాలి. నెగ్గినవాళ్లని జనవరిలో ఏడాదిపాటు ఆ తీరానికే పంపుతారు. తప్పినవాళ్లు పెట్టె సర్దుకుని ఇంటికి రావాలి. రెండో అవకాశం ఇవ్వరు. ఈ సంగతి నీకు ముందే చెప్పి ఉండాల్సింది.

టైలరమ్మ మిషనుకి నూనె ఎక్కువ పోయకు. బట్టకి అంటిందని గొడవ పెడుతుంది. మా అక్కయ్య కళ్లద్దాలు నా పెట్టెలో రాలేదు. తల మీద చూసుకోమను.

నాన్న


జూన్ 30

నాన్నా,

నీ ఉత్తరం కంటే నీ కవరు పొడుగ్గా ఉంది. ఫోను చేస్తే నాలుగు "ఊ"లు, రెండు "సరే"లు, ఒక "ఉంటాను". అందుకేగా ఉత్తరాలు రాసుకుందాం అన్నాను! నువ్వేమో అందులో కూడా పొదుపు చేస్తున్నావు. పోనీలే, క్లాసు సంగతి రాశావు గనుక ఈసారికి వదిలేస్తున్నాను. చదువుతూ నవ్వుతుంటే అత్తయ్య వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేసింది.

కళ్లద్దాలు తల మీద లేవు. మెడలో ఉన్నాయి.

అత్తయ్యకి నీ చదువు ఇంకా మింగుడుపడలేదు. "యాభై ఆరేళ్లొచ్చాక పలకా బలపం పట్టుకుని వెళ్లడమేమిటే? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నలుగురూ అడిగితే ఏమని చెప్పుకోను?" అంది.

"చదువుకోడానికి వెళ్లాడని చెప్పు, అత్తయ్యా. అందులో సిగ్గేముంది?"

"చెప్తాలే, చెప్తాలే. ఏదో ఒకటి చెప్తాలే" అంది.

మన మిషన్ల రిపేరు షాపు గురించి నువ్వు దిగులు పెట్టుకోకు. నువ్వు లేకపోతే కుట్టుమిషన్లన్నీ కన్నీళ్లు పెట్టుకుంటాయనుకున్నావా? బ్రహ్మాండంగా నడుస్తోంది. నువ్వున్నప్పుడు వచ్చినవాళ్లు మిషను దింపి, నీ మొహం చూసి, మాట్లాడకుండా వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు కూర్చుని కబుర్లు చెప్పి మరీ వెళ్తున్నారు. నీ బల్లని కిటికీ పక్కకి జరిపాను. అక్కడ వెలుతురు బాగుంది.

ఆ తీరం వాళ్ల గురించి రాయి. నువ్వు ముప్పై ఏళ్లు మిషన్ల పెట్టెల్లో వచ్చిన వాళ్ల పుస్తకాలు చదువుతూ కూర్చుంటే, అవి నూనె వేసే పద్ధతులనుకుని నేను జాలిపడేదాన్ని. అందులో ఇంత రహస్యంగా ఒక విశ్వవిద్యాలయం పెట్టుకున్నావని ఎవరికి తెలుసు?

ఒక పేజీకి తక్కువైతే ఉత్తరం తిప్పి పంపేస్తాను.

నీ గడుగ్గాయి


జూలై 18

అమ్మడూ,

పేజీ నింపే ప్రయత్నం చేస్తున్నాను.

ఆ పుస్తకాల్లో నూనె వేసే పద్ధతులే ఉంటాయి. కానీ ఒక దాంట్లో, "యంత్రం మొరాయిస్తే తిట్టకండి, కాసేపు ఆగి మళ్లీ తిప్పండి" అని ఉంటుంది. ఇంకే దేశం పుస్తకంలోనూ ఇలా రాయరు. ఎలాంటి మనుషులైతే ఇలా రాస్తారు అనిపించింది. నిఘంటువు తెప్పించుకున్నాను. తర్వాత ఒక చరిత్ర పుస్తకం. అలా వచ్చింది ఇక్కడిదాకా.

ఇప్పుడు జరిగింది రాస్తాను. భాష నేర్పే ఆవిడ ఆ తీరం మనిషే. పెద్దావిడ. పిల్లలు తీరం మేడం అంటారు. మొదటి క్లాసులో ఒక్కొక్కరినీ లేపి తమ గురించి చెప్పుకోమంది. నా వంతు వచ్చింది. రాత్రంతా కూర్చుకున్న నాలుగు వాక్యాలు ఆవిడ భాషలో చెప్పాను. ఆవిడ చాలా మర్యాదగా విని, తన భాషలోనే, "క్షమించండి, మీ భాష నాకు రాదు" అంది.

ఆవిడ అన్నది నాకు అర్థమైంది. నేనన్నది ఆవిడకి కాలేదు. ముప్పై ఏళ్లు ఆ భాష కళ్లతో చదివానే గాని, ఒక్కసారి కూడా వినలేదు. ఒక్కో అక్షరానికి ఒక్కో ధ్వని నేనే కల్పించుకున్నాను. నా మనసులో అది బాగానే వినిపించేది.

పైగా నాకొచ్చినవన్నీ మిషను మాటలు. మీ ఇంట్లో ఎవరెవరున్నారని ఆవిడ అడిగితే, "చక్రం ఒకటి, కదిలే భాగాలు రెండు" అనే దాకా వచ్చి ఆగాను.

చదవడంలోనూ రాయడంలోనూ క్లాసులో అందరికంటే ముందున్నాను. నోరు విప్పితే అందరికంటే వెనక. పిల్లలు తప్పులతోనే గలగలా మాట్లాడేస్తారు. నాకు తప్పు వస్తుందంటే నోరు పెగలదు. గదిలో సాధన చేస్తున్నాను. కింద యంత్రాలు తిరుగుతున్నంతసేపూ గట్టిగా మాట్లాడతాను, ఎవరికీ వినపడదు గనుక. యంత్రం ఆగితే నేనూ ఆగుతాను, వాక్యం మధ్యలో ఉన్నా సరే.

షాపు బాగా నడుస్తోందని రాశావు. సంతోషం. బల్ల జరిపావని రాశావు. ఇరవై ఏళ్లుగా అది గోడ పక్కనే ఉంది. కిటికీ పక్కనే మంచిదై ఉంటుంది.

పేజీ అయింది.

నాన్న


ఆగస్టు 9

నాన్నా,

"క్షమించండి, మీ భాష నాకు రాదు" దగ్గర నేను నవ్విన నవ్వుకి నాకే సిగ్గేసింది. ఆ తర్వాత బాధేసింది. ఆ తర్వాత మళ్లీ నవ్వొచ్చింది. యంత్రం ఆగినా నువ్వు ఆగకు నాన్నా. లాండ్రీవాళ్లు వింటే వింటారు. వాళ్లకేం, సబ్బు నురగలో వాళ్ల పని వాళ్లది.

బల్ల గురించి నువ్వు రాసిన మూడు వాక్యాలు చూశాను. అలిగావని తెలుస్తూనే ఉంది. వెనక్కి జరపాలా? చెప్పు.

ఇక్కడ ఒక వింత. అందరూ నిన్ను ఎంత తలుచుకుంటున్నారో! ఇంతకుముందు నీ గురించి ఒక్క మాటా మాట్లాడనివాళ్లు కూడా, షాపు ముందు ఆగి, గొంతు తగ్గించి, "నాన్నగారెలా ఉన్నారమ్మా?" అంటున్నారు. టైలరమ్మ మొన్న బుట్టెడు పళ్లు తెచ్చింది. తన గుమ్మంలో నాలుగు నీటిబొట్లు పడితేనే పోట్లాటకొచ్చే మనిషి, పళ్లు! పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"ఎన్నాళ్లమ్మా?" అంది.

"మూడేళ్లండీ" అన్నాను.

"మూడేళ్లే!" అంది కళ్లు పెద్దవి చేసి.

"ముందు డిసెంబరు గండం గట్టెక్కాలి. అది దాటకపోతే ఇంక అవకాశం లేదన్నారు. కానీ నాన్న ధైర్యంగానే ఉన్నాడు."

టైలరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. చదువంటే ఆవిడకి ఇంత గౌరవం ఉందని నేను కలలో కూడా అనుకోలేదు. లోపల్నుంచి అత్తయ్య గట్టిగా దగ్గింది.

ఒక్కటే చిన్న సంగతి. పని కాస్త పలచబడింది. బట్టల కార్ఖానా ఆయన తన మిషన్లు వేరేచోట ఇచ్చాడు. "ఈ సమయంలో నిన్ను శ్రమ పెట్టడమెందుకని, తల్లీ" అన్నాడు. నువ్వు లేని సమయంలో అని కాబోలు. ఫరవాలేదు, వానాకాలం ఎప్పుడూ ఇంతేగా.

ఆ తీరం గురించి రాయమంటే నీ నోరు గురించి రాశావు. తీరం గురించి రాయి.

నీ గడుగ్గాయి


సెప్టెంబరు 2

అమ్మడూ,

తీరం గురించి రాస్తాను.

నేను ఇంట్లో చదివిన చరిత్ర పుస్తకం పాతదట. అందులో నాకు బాగా ఇష్టమైన రెండు రాజ్యాలు ఇప్పుడు లేవు. ఎప్పుడో పక్కవాటిలో కలిసిపోయాయి. నేను వాటి గురించి పది పేజీలు రాసి ఇస్తే చరిత్ర మేష్టారు, "చాలా బాగా రాశారు. కానీ వాళ్లెవరూ ఇప్పుడక్కడ లేరు" అన్నారు. తర్వాత ఒక ఫోటో చూపించారు. ఆ తీరంలో ఒక రేవు పట్టణం, ఒక కొట్టు మీద బోర్డు. రంగు పెచ్చులూడి, కింద ఇంకో భాషలో అక్షరాలు, దాని కింద మరో భాషలో. ఏలేవాళ్లు మారినప్పుడల్లా కొట్టువాళ్లు బోర్డు మీద కొత్త భాష రాయించుకున్నారు. అమ్మింది మాత్రం అన్నాళ్లూ చెప్పులేనట. మనం చదవాల్సింది బోర్డులనా చెప్పులనా అని మేష్టారు అడిగారు. పిల్లలు వాదించుకున్నారు. నాకు రెండూ అనిపించింది. నోట్సులో రాసుకున్నాను.

నిన్న నమూనా మాట పరీక్ష పెట్టారు. పావుగంట. నేను మూడు వాక్యాలు చెప్పాను. గది చాలా నిశ్శబ్దంగా ఉంది. మేడం తర్వాతి పేరు పిలిచింది.

కార్ఖానా మిషన్లు పోవడం చిన్న సంగతి కాదు. షాపులో సగం పని వాళ్లదే. బాగా నడుస్తోందని నువ్వు నా కోసం రాస్తున్నావని ఇప్పుడు అర్థమైంది. ఇంటి దగ్గర పని పాడవుతుంటే ఇక్కడ నేను మూడు వాక్యాలు చెప్పుకుంటూ కూర్చోవడం బాగాలేదు.

నెలాఖరుకి వచ్చేస్తాను. అక్కయ్యకి చెప్పు.

నాన్న


సెప్టెంబరు 11

నాన్నా,

నువ్వు రావద్దు. ముందు అది రాశాను, ఇక కోప్పడతాను.

నా పనితనం మీద నీకు అంత అపనమ్మకమైతే మొహం మీదే చెప్పాల్సింది. పదహారేళ్లప్పటినుంచి నీ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఒక వానాకాలం పని తగ్గితే పరుగెత్తుకుని వచ్చేస్తావా, నేనేదో కొంప ముంచినట్టు? బల్ల జరపడం దగ్గర్నుంచే నీకు అనుమానం. రెండు రోజులు నీతో మాట్లాడకూడదనుకున్నాను. ఎలాగూ మాట్లాడటం లేదు గనుక నీకు తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న టైలరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ఇంకొకావిడని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ నన్ను కావిలించుకుని, "మా ఆయనకీ ఇలాగే, అమ్మా. డాక్టర్లు రెండేళ్లన్నారు. ఆరేళ్లున్నాడు. నమ్మకం వదులుకోకు" అంది.

"డాక్టర్లెవరండీ?" అన్నాను.

"నాన్నగారి డాక్టర్లే!"

"మా నాన్నకి డాక్టర్లెందుకు? చదువుకుంటున్నాడు."

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టైలరమ్మ నా తల నిమిరి, "ఏడిస్తే మనసు తేలికవుతుందమ్మా" అంది.

నేను తిన్నగా లోపలికెళ్లాను. అత్తయ్య బియ్యంలో రాళ్లేరుతోంది. రాళ్లు లేని బియ్యంలో.

"అత్తయ్యా, నాన్న ఎక్కడికెళ్లాడని చెప్పావు?"

"ఎక్కడికని చెప్పాను? ఊరికి వెళ్లాడన్నాను."

"ఎందుకని?"

"ఒంట్లో... నలతగా ఉందన్నాను."

"ఎంత నలత?"

"నేను కొంచెమే అన్నానే! వీధి చివరికి వెళ్లేసరికి అది పెరిగితే నా తప్పా? మరేం చెప్పమంటావు? నా తమ్ముడు చంటిపిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకుంటున్నాడని చెప్పమంటావా? నవ్వరూ? జబ్బంటే ఎవరూ నవ్వరు."

అదీ సంగతి. "మూడేళ్లు" అని టైలరమ్మకి నేను నవ్వుతూ చెప్పినదంతా ఒక్కసారి గుర్తొచ్చింది. డిసెంబరు గండం! ధైర్యంగా ఉన్నాడు! అక్కడే కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. కార్ఖానా ఆయన మిషన్లు తీసుకెళ్లింది నా పనితనం చూసి కాదు నాన్నా. చావు బతుకుల్లో ఉన్న తండ్రిని చూసుకుంటున్న పిల్లని కష్టపెట్టడమెందుకని.

కనుక నువ్వు వస్తే ఏమవుతుందో తెలుసా? ఆఖరి చూపులకి తీసుకొచ్చారంటారు. అక్కడే ఉండు.

ఇప్పటికీ కోపంగానే ఉన్న
నీ గడుగ్గాయి


సెప్టెంబరు 20

అమ్మడూ,

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివాను. రాళ్లు లేని బియ్యం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగలేదు. లాండ్రీ ఆయన బయటికి వచ్చి, "ఏం జరిగిందండీ?" అని కంగారుగా అడిగాడు. మూడు నెలల్లో నా గొంతు వినడం ఆయనకి అదే మొదలు. పైన గదిలో ఉన్నది మనిషేనని ఇప్పుడు నమ్మకం కుదిరిందన్నాడు.

నీ కోపానికి జవాబు రాస్తాను. నీ పనితనం మీద నాకు అనుమానం లేదు. ఒక్క రోజు కూడా లేదు. వచ్చేస్తానన్నది షాపు కోసమని రాశాను. అది నిజం కాదు. డిసెంబరుకి భయపడి రాశాను. పరీక్ష తప్పి ఇంటికి రావడం కంటే, షాపు కోసం మానేసి వచ్చానని చెప్పుకోవడం గౌరవంగా ఉంటుందనిపించింది. నీ మీద నెట్టాను. నువ్వు కోప్పడటం న్యాయమే.

బల్ల వెనక్కి జరపకు. షాపు చూసుకుంటున్నది నువ్వు. ఏది ఎక్కడుండాలో నీకు తెలుస్తుంది.

రావడం మానుకున్నాను. ఉంటాను.

రెండు సహాయాలు కావాలి. మాట పరీక్షకి నాకు ఇచ్చిన అంశం "మా ఇల్లు". ఏం చెప్పాలో తోచడం లేదు. గదులెన్ని, కిటికీలెన్ని అని రాసుకుంటే రెండు నిమిషాలు కూడా రాలేదు. ఇంట్లో ఏం జరుగుతుందో నువ్వు రాసి పంపు. రెండోది, అక్కయ్య నాకు ఇచ్చిన జబ్బేమిటో వివరంగా కనుక్కో. తెలుసుకోవాలని ఉంది.

నాన్న


అక్టోబరు 15

నాన్నా,

కోపం పోయింది. "నీ మీద నెట్టాను" అన్న మాట రాసే తండ్రులు ఎంతమంది ఉంటారని నాలుగుసార్లు చదువుకున్నాను. అయినా ఇంకోసారి నెడితే ఊరుకోను.

జబ్బు వివరాలు. అత్తయ్య మొదట చెప్పింది నీరసం. టైలరమ్మ దగ్గర అది నరాల బలహీనత అయింది. రెండో వీధిలో నోరు పడిపోయింది. "నోరు పడిపోవడమేమిటి?" అంటే, "ఆయన ఎప్పట్నుంచో మాట్లాడేవాడు కాదుగా, అప్పుడే మొదలైంది కాబోలు" అన్నారట! నీ మౌనానికి ఊళ్లో ఇన్నాళ్లకి ఒక కారణం దొరికింది.

నిజం చెప్పడం ఎంత కష్టమో నీకు తెలియదు. "మా నాన్న నిక్షేపంలా ఉన్నాడు, చదువుకుంటున్నాడు" అని నేనంటే, "పాపం, పిల్ల పైకి ధైర్యంగా ఉంది" అంటున్నారు. గట్టిగా చెబితే ఇంకా జాలి. నవ్వుతూ చెబితే ఏడుస్తున్నారు. చివరికి అత్తయ్యని లాక్కొచ్చి షాపు ముందు నిలబెట్టాను. "నువ్వు పెట్టిన జబ్బు నువ్వే తీసెయ్" అన్నాను.

అత్తయ్య కొంగు సర్దుకుని వీధి వీధంతా వినేటట్టు, "మా వాడికి ఏ జబ్బూ లేదు. పెద్ద చదువు చదువుతున్నాడు. ఏడు దేశాల చదువు. నేనే అబద్ధం చెప్పాను, సిగ్గేసి" అంది.

టైలరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఈ వయసులో చదువా? అదీ జబ్బే" అంది. తర్వాత, "మరి నా పళ్లు?" అంది.

"తినేశాం" అంది అత్తయ్య.

"నేను మీ తమ్ముడి కోసం మొక్కుకున్న మొక్కులు?"

"అవి పరీక్షకి పనికొస్తాయి. ఉండనీ."

అంతే, ఇద్దరూ మాటకి మాట, మధ్యాహ్నం దాకా. పోట్లాట అయ్యాక టైలరమ్మ వెళ్తూ వెళ్తూ, "ఏడు దేశాలంటే ఏవేవి?" అని అడిగింది. అత్తయ్య నా వైపు చూసింది. నేను చెబుతుంటే తనూ పెదవులు కదిపింది. ఇప్పుడు ఎవరడిగినా ఏడూ ఏకబిగిన అప్పజెప్తుంది. నిన్న పాలవాడికి కూడా చెప్పింది. వాడు అడగలేదు.

కార్ఖానా మిషన్లు సోమవారం తిరిగొచ్చాయి. వేరేచోట బిగించిన బెల్టులన్నీ మళ్లీ సడలించాను.

"మా ఇల్లు" కి ఇంకేం కావాలి నాన్నా? ఇదే చెప్పు.

నీ గడుగ్గాయి


డిసెంబరు 12

అమ్మడూ,

ఆలస్యమైంది. పరీక్ష అయ్యేదాకా రాయకూడదనుకున్నాను. మొన్న అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీ ఉత్తరమంతా ఆ భాషలోకి మార్చుకున్నాను. టైలరమ్మ నడుం మీద చేతులు పెట్టుకోవడానికి మాట దొరకక నిఘంటువుతో చాలా అవస్థ పడ్డాను. ఇరవై పర్యాయాలు చెప్పుకున్నాను. కింద యంత్రం ఆగినప్పుడు కూడా ఆపలేదు. లాండ్రీ ఆయనకి భాష రాకపోయినా, ఎక్కడ నవ్వాలో తెలిసిపోయింది.

పరీక్ష గదిలో ముగ్గురు. తీరం మేడం, చరిత్ర మేష్టారు, ఆ తీరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన. తలుపు వేశారు. ఏ చప్పుడూ లేదు. పెద్దాయన ఆ భాషలో, "మీ ఇంటి గురించి చెప్పండి" అన్నాడు.

నేను తయారు చేసుకున్న మొదటి వాక్యం, "నేను జబ్బు మనిషినని మా అక్క వీధిలో చెప్పింది" అని. ఆ భాషలో జబ్బు ముందు వస్తుంది, అక్క చివర వస్తుంది. "నేను జబ్బు మనిషిని" దాకా అన్నాను. అక్కడ ఆగిపోయాను. చెమట పట్టింది. కుర్చీ పట్టుకున్నాను.

పెద్దాయన చటుక్కున లేచి నాకు నీళ్లిచ్చాడు. మేడం వైపు తిరిగి, "ఈయన్ని ఇంటికి పంపించండి. ఈ స్థితిలో ఉన్న మనిషిని ఇంత దూరం ఎలా పంపిస్తాం? అక్కడ చలికి తట్టుకోలేడు" అన్నాడు. మేడం, "నాకు తెలియదు, నాతో చెప్పలేదు" అంది. మేష్టారు నా నాడి పట్టుకున్నారు. ముగ్గురూ నా గురించి గబగబా మాట్లాడుకుంటున్నారు. ప్రతి మాటా నాకు అర్థమవుతోంది. పెద్దాయన కలం తీసి కాగితం మీద ఏదో రాయబోయాడు. అది రాస్తే అయిపోయినట్టే.

"రాయకండి" అన్నాను. ఆయన భాషలోనే.

ఆగాడు.

"నాకు జబ్బు లేదు."

"ఇప్పుడే ఉందన్నారు."

"నాది కాదు. మా అక్కది."

"అక్కగారికి జబ్బా?"

"అక్కకి లేదు. అక్క నాకు పెట్టింది."

ముగ్గురూ ఇంకా కంగారు పడ్డారు. ఇక లాభం లేదని మొదట్నుంచీ చెప్పాను. నేను తయారు చేసుకున్న వరస ఎక్కడా లేదు. ఆయన అడుగుతున్నాడు, నేను చెబుతున్నాను. మాట తెలియనిచోట చేత్తో చూపించాను. అక్కయ్య బియ్యం ఏరడం చూపించాను. టైలరమ్మ నడుం మీద చేతులు పెట్టుకోవడం లేచి నిలబడి చూపించాను. తప్పులు ఎన్నో చేశాను. ఆగడానికి తీరిక లేదు, ఆయన చేతిలో కలం ఇంకా అలాగే ఉంది.

"పళ్లు తిరిగిచ్చారా?" అని పెద్దాయన అడిగాడు.

"తినేశాం. మొక్కులు మాత్రం మిగిలాయి. ఇవాళ వాడుకుంటున్నాం."

ఆయన కలం బల్ల మీద పెట్టి నవ్వాడు. తన ఊళ్లో తన చెల్లెలూ ఇంతేనని ఆవిడ కథ ఎత్తుకున్నాడు. ఆవిడ గురించి నేను రెండు ప్రశ్నలు అడిగాను. నా తర్వాత పరీక్ష ఇవ్వాల్సిన అమ్మాయి తలుపు తట్టి, తన వంతు ఎప్పుడని అడిగింది.

బయటికి వచ్చేటప్పుడు మేడం అంది: "మీ ఉచ్చారణ ఇప్పటికీ ఘోరం. అక్కడివాళ్లు సరిచేస్తారు. చలికోటు కొనుక్కోండి."

నెగ్గాను.

అక్కయ్యకి చెప్పు. ముందు ఆమెకే చెప్పు.

నాన్న


డిసెంబరు 20

నాన్నా,

అత్తయ్యకి చెప్పాను. వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వెళ్లి చూస్తే పొయ్యి వెలిగించకుండానే పొయ్యి ముందు కూర్చుని ఉంది. "మా నాన్న వాణ్ణి బడి మాన్పించి మిషన్ల దగ్గర కూర్చోబెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నానే. నోరెత్తలేదు" అంది. అంతే. తర్వాత లేచి టైలరమ్మ ఇంటికి వెళ్లింది.

ఇద్దరూ కలిసి నీకు చలికోటు కుడుతున్నారు. కొలతలు లేవంటే, "నా తమ్ముడి కొలతలు నాకు తెలియవా?" అంటుంది. "మీ తమ్ముడు చిక్కిపోయి ఉంటాడు" అని ఆవిడ. "జబ్బేమీ లేదని చెప్పానా!" అని ఈవిడ. కుట్టేది కొంచెం, పోట్లాట ఎక్కువ. ఎలా ఉన్నా వేసుకో.

షాపులో ఒక పిల్లని పనికి పెట్టుకున్నాను. చెయ్యి మంచిది, నోరు నాకంటే పెద్దది. ఇక నాకూ ఎవరో ఒకరు సమాధానం చెబుతారు.

వెళ్లిరా నాన్నా. అక్కడ ఏం చూసినా రాయి. పేజీల లెక్క ఎత్తేస్తున్నాను.

నీ గడుగ్గాయి


ఫిబ్రవరి 6

అమ్మడూ, అక్కయ్యా,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. చదివి వినిపించు.

వచ్చి వారమైంది. కోటు మోకాళ్ల కిందికి వస్తోంది, చేతులు పొట్టిగా ఉన్నాయి. వెచ్చగా ఉంది. ఇక్కడివాళ్లు ఎవరు కుట్టారని అడుగుతున్నారు.

ఫోటోలో చూసిన రేవు పట్టణం దగ్గరే. ఇంకా వెళ్లలేదు. నేలంతా తడి. ఇళ్లు ఎత్తు మెట్ల మీద కట్టుకుంటారు. కలిసినప్పుడు "మీ దారి పొడిగా ఉందా?" అని పలకరించుకుంటారు. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నిన్న క్లాసు అయ్యాక ట్రాము ఎక్కాను. పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. మోకాళ్ల నొప్పుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత వాన, తర్వాత అల్లుడు. సగం అర్థమైంది. అర్థం కానిచోట ఆగి అడిగాను. ఆవిడ విసుక్కోకుండా మళ్లీ చెప్పింది. నా ఉచ్చారణ రెండుసార్లు సరిచేసింది. చేతి మీద కొట్టి మరీ.

"మీరు ఎక్కడినుంచి వచ్చారు?" అని అడిగింది. చెప్పాను. ఆవిడకి మన ఊరు తెలియదు, మన దేశం కూడా సరిగ్గా తెలియదు. "ఎలా ఉంటుందో చెప్పండి" అంది.

వీధి దగ్గర మొదలుపెట్టాను. షాపు, కిటికీ పక్కన బల్ల, నువ్వు, అక్కయ్య. ఆవిడ మధ్యలో అడుగుతోంది, నేను చెబుతున్నాను. కాసేపటికి బయట ఇళ్లు తగ్గి, సముద్రం కనిపించింది. ట్రాము ఆగింది. డ్రైవరు లేచి వచ్చి, ఇదే ఆఖరి స్టాపు, దిగండి అన్నాడు.

ఆవిడ దిగాల్సిన చోటు, నేను దిగాల్సిన చోటు, రెండూ ఎప్పుడో దాటిపోయాయి. వెనక్కి వెళ్లే ట్రాము వచ్చేదాకా ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. ఇంకా చెప్పాల్సింది ఉంది.

నాన్న